ఇన్‌ఫ్లూయెంజా: గృహస్థుని కర్తవ్యము

రోహిణికార్తె యెండలు ముగిసి మృగశిర ప్రవేశించుటకు ముందే మన గ్రామములయందలి గృహస్థులు కొన్ని పనులు మఱువక చక్కబెట్టుకొందురు. విత్తనములు తెచ్చి మందు పట్టింతురు. కాలువగట్లు చూచుకొందురు. తొలకరి పడినంతనే పశువులకు గొంతువాపు, జబ్బవాపు సోకునను భయముచే, ముందుగానే పశువైద్యుని పిలిపించి ఎడ్లకును పాడిగేదెలకును టీకాలు వేయింతురు. ఇది మిక్కిలి తెలివిగల పని. వ్యాధి వచ్చిన పిమ్మట చేయు చికిత్సకంటె రాకమునుపు చేయు రక్షణము చౌకయనియు, సులభమనియు మన రైతు అనుభవముచే నెఱిగినవాడు.

కాని యదే తొలకరితో మనుష్యులకును ఒక వ్యాధి వ్యాపించుచున్నది. దాని పేరు ఇన్‌ఫ్లూయెంజా. దానికిని ఒక టీకా గలదు. కొట్టములోని గేదెకు టీకా వేయించిన యజమాని వసారాలోని మంచముపై దగ్గుచున్న తన తండ్రికి టీకా వేయించుట లేదు. నిర్దయచేత కాదు; లోభముచేతనైనను కాదు. అట్టి టీకా యొకటి కలదనియు, అది తన యింటికి అవసరమనియు తలంపునకు రాకపోవుటచేతనే. ఈ లోపమును గుఱించియే నేడు పాఠకులతో కొంత ముచ్చటింపదలచితిమి.

పడిశము వేఱు, ఈ జ్వరము వేఱు

మనవారు ముక్కు కారినను, గొంతు గీరినను "ఫ్లూ" అనుచుందురు. నిజముగ ఫ్లూ వచ్చినప్పుడు "వైరల్ జ్వరము, మూడు దినములలో పోవును" అని ఉపేక్షింతురు. రెండును పొరపాటులే. పడిశము మెల్లగ వచ్చును. ముక్కును, గొంతును బాధించి పోవును. ఇన్‌ఫ్లూయెంజా యట్లు గాదు. ఉదయము పొలమునకు పోయినవాడు సాయంకాలమునకు మంచము పట్టును. తీవ్రమైన జ్వరము, వణకు, తలనొప్పి, ఒడలంతయు విఱిచినట్లు నొప్పులు, పొడిదగ్గు, లేవజాలని నీరసము దీని లక్షణములు. ఆరోగ్యవంతులు పలువురు వారములోపల కోలుకొందురు; దగ్గును నీరసమును మఱికొన్ని దినములు నిలుచును.

పలువురు కోలుకొందురన్న మాటయే జనులను ఏమఱుపాటునకు లోనుచేయుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా ప్రకారము ఏటేట ప్రపంచమున సుమారు 100 కోట్ల మందికి ఈ జ్వరము సోకుచున్నది. వారిలో 30 లక్షల మొదలు 50 లక్షల వఱకు తీవ్రస్థితికి వచ్చుచున్నారు. 2 లక్షల 90 వేలు మొదలు 6 లక్షల 50 వేల మంది వఱకు శ్వాసకోశముల వ్యాధిచే మరణించుచున్నారు. ఇవి మహామారి ప్రబలిన సంవత్సరముల లెక్కలు గావు. సామాన్య సంవత్సరముల లెక్కలు.

ఈ జ్వరము ఊపిరితిత్తులను మాత్రమే పట్టునని తలంపరాదు. కెనడా దేశమున జరిగిన పరిశోధన యొకటి 2018లో ప్రకటింపబడినది. ఇన్‌ఫ్లూయెంజా నిర్ధారణమైన తరువాతి మొదటి వారమున గుండెపోటు వచ్చు ప్రమాదము మామూలు దినములకంటె సుమారు ఆఱు రెట్లుండునని దానివలన తేలినది. మన యిండ్లలో ఏబదియేండ్లు దాటినవారిలో చక్కెరవ్యాధియో, రక్తపుపోటో, గుండెజబ్బో లేనివారెందఱు? ముసలివాడు "జ్వరము తగ్గినది గాని గుండె ఆగినది" యని చెప్పుకొను ఇండ్లు కలవు. ఆ రెండింటికిని సంబంధముండవచ్చునని వారికి తోచుట లేదు.

1918 నాటి గుణపాఠము

ఈ వ్యాధి యెంత పని చేయగలదో మన దేశమునకు తెలిసినట్లు మఱి యే దేశమునకును తెలియదు. 1918 జూన్ మాసమున బొంబాయి రేవులో కావలియున్న పోలీసు సిపాయిలు కొందఱు జ్వరముతో ఆసుపత్రి చేరిరి. మహాసంగ్రామమునుండి తిరిగివచ్చు ఓడలతో వచ్చిన ఆ జ్వరము రైలుమార్గముల వెంబడి దేశమెల్ల ప్రాకెను. తొలి తరంగము అంతగా ప్రాణములు తీయలేదు. సెప్టెంబరు మొదలు వచ్చిన రెండవ తరంగము పల్లెలకు పల్లెలనే పడవేసెను. ఆ యేడు వానలు తప్పి కఱవు వచ్చెను. వైద్యులు పలువురు యుద్ధరంగమునకు పంపబడియుండిరి. పరాయి ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండగా చాలచోట్ల స్వచ్ఛంద సేవకులే మందులు పంచిరి, గంజి కాచి పోసిరి, శవములు మోసిరి.

ఆ కొలది మాసములలో మన దేశమున మృతులైనవారి సంఖ్య ఒక కోటి 20 లక్షలకు తక్కువ కాదని కొందఱును, ఒక కోటి 80 లక్షల వఱకు నుండునని కొందఱును లెక్కగట్టిరి. నేటి భారతదేశపు భూభాగమున 1911లో సుమారు 25 కోట్ల 20 లక్షలుండిన జనసంఖ్య 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు తగ్గెను. జనాభా లెక్కల చరిత్రలో మన జనసంఖ్య తగ్గిన దశాబ్దము అదియొక్కటియే. తెలుగు జిల్లాలు పెక్కింటితో కూడిన నాటి హైదరాబాదు సంస్థానమున 1911లో ఒక కోటి 33 లక్షలకు మించిన జనులుండగా, 1921లో ఒక కోటి 24 లక్షలే మిగిలిరి. ప్లేగును, కఱవును అందు పాలుగొన్నవి గాని ఇన్‌ఫ్లూయెంజా పాలు ప్రధానమైనది. హిందీ మహాకవి సూర్యకాంత త్రిపాఠి నిరాలా యౌవనముననే భార్యను, మఱికొందఱు బంధువులను ఈ జ్వరమునకు కోలుపోయెను. గంగానది శవములతో నిండియుండుటను ఆయన తన రచనలో చెప్పుకొనియున్నాడు.

ఆ మహామారి రెండు విషయములు నేర్పినది. మొదటిది, బలవంతులమను గర్వము పనికిరాదు. నాడు మృతులైనవారిలో ఇరువది నలువదియేండ్ల నడిమి దృఢకాయులు విశేషముగ నుండిరి. రెండవది, మన దేశమున పురుషులకంటె స్త్రీలు అధికముగ మరణించిరి. రోగుల ప్రక్క కూర్చుండి, వారికి నీరు త్రాపి, తాము కడపట తినునది వారే గదా! ఇంటిని కాపాడు చేతులనే ఈ వ్యాధి మొదట పట్టుచున్నది.

ఏటేట మాఱు శత్రువు

1918లో వైద్యులకు ఈ వ్యాధికారణమేమో తెలియదు. ఒక విధమగు బాసిలస్ దీనికి మూలమని 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫైఫర్ చెప్పినదే నాడు చాలమంది నమ్మియుండిరి. 1933లో లండనునందు విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు, రోగి గొంతునుండి తీసిన ద్రవమును ఫెర్రెట్ అను జంతువులకు సోకించి, ఇది వైరస్ వలన కలుగు వ్యాధి యని స్థాపించిరి. పదియేండ్లు తిరుగకముందే దానికి టీకా తయారయ్యెను. కోడిగ్రుడ్లలో వైరస్ పెంచి, దానిని చంపి, సూదిమందుగ చేయు ఆ విధానమే నేటికిని విశేషముగ వాడుకలోనున్నది.

ఇక్కడ పాఠకులకొక ప్రశ్న పుట్టును. మశూచికి ఒకమాఱు టీకా వేసిన చాల సంవత్సరములు రక్షణముండెడిది. దీనికి మాత్రము ఏటేట ఏల? ఇన్‌ఫ్లూయెంజా వైరస్ పైతొడుగు నిలుకడ లేనిది. ఒక యేటి వైరస్‌ను గుర్తుపట్ట నేర్చిన మన దేహము మఱుసటియేడు కొంత మాఱిన రూపమును గుర్తింపజాలదు. దీనికి తోడు టీకావలన వచ్చిన బలము గూడ మాసములు గడచినకొలది తగ్గును. అప్పుడప్పుడు వైరస్ పూర్తిగ క్రొత్తరూపము దాల్చి వచ్చును. 1957, 1968, 2009 సంవత్సరములలో లోకమును చుట్టివచ్చిన మహామారులట్టివి. 2009 మే మాసమున ఈ దేశమున మొట్టమొదటి రోగి నిర్ధారణమైనది మన హైదరాబాదులోనే. అమెరికానుండి వచ్చిన ప్రయాణికునికి. 2015లో అదే తెగ మరల విజృంభించి దేశమున 42 వేలకు పైగా జనులను పట్టి, సుమారు 3 వేల మందిని బలిగొన్నది. ఆ యేటి జనవరిలో తెలంగాణము పడిన బాధ పలువురికి జ్ఞాపకముండును.

కావున ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 1952 నుండి దేశదేశములలో కనిపెట్టు కేంద్రములు నెలకొల్పి, సంవత్సరమునకు రెండుమాఱులు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకును, రాబోవు ఋతువున ఏ తెగలు ప్రబలునో అంచనావేసి, టీకాలో ఏవి చేర్చవలయునో నిర్ణయించుచున్నారు. ఈ టీకా ఏటేట క్రొత్తగ తయారగుచున్నది. నిరుటి విత్తనమును ఈ యేటి పొలమునకు చల్లుట కాదు.

ఎవరికి, ఎప్పుడు?

ఆఱు మాసములు నిండిన పసిబిడ్డ మొదలు వృద్ధుల వఱకు అందఱును ఈ టీకా వేయించుకొనవచ్చును. అందఱికి నొకమాఱే సాధ్యముకానిచో ముందు ఎవరికి వేయించవలయునో చెప్పుదుము. వృద్ధులు, గర్భిణులు, అయిదేండ్లలోపు పిల్లలు, చక్కెరవ్యాధి, ఉబ్బసము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి గలవారు, రోగులకు సేవచేయువారు. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటి సంవత్సరమున నాలుగు వారముల యెడముతో రెండుమాఱులు వేయవలసియుండును.

గర్భిణుల విషయమున మనవారు మిక్కిలి జంకుదురు. సూదిగా వేయు ఈ టీకా గర్భమున ఏ మాసమునందైనను వేయదగినదని వైద్యశాస్త్రము నిశ్చయించినది. అంతియకాదు, ఆఱు మాసములు నిండని శిశువునకు టీకా వేయుటకు వీలులేదు. ఆ శిశువునకు తల్లివలన సంక్రమించు రక్షణమొక్కటే గతి. ఒక్క సూదితో రెండు ప్రాణములకు కాపుదల.

మన ప్రాంతమున ఈ జ్వరము ఏటికి రెండుమాఱులు విజృంభించును: వానకాలమున జులై మొదలు సెప్టెంబరు వఱకును, చలికాలమున జనవరి మొదలు మార్చి వఱకును. టీకా వేసిన పిమ్మట దేహమున బలము కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును. కావున ఏప్రిల్, మే మాసములలో, తొలకరికి ముందే వేయించుకొనుట ఉత్తమము. అప్పుడు తప్పినవారు చలికాలమునకు ముందైనను వేయించుకొనవలెను. టీకాపెట్టెపై అది ఏ సంవత్సరమునకు, ఏ అర్ధగోళమునకు ఉద్దేశింపబడినదో అచ్చువేయబడియుండును. అడిగి చూచుకొనుట మంచిది. మఱియొక మాట. ఈ మందు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున ఉండవలయును, గడ్డకట్టనూరాదు. వైశాఖపు టెండలో అంగడిలో కొని జేబులో వేసికొని ఊరికి తెచ్చినచో అది మందుగా మిగులదు. వైద్యుని కడకు పోయి అచ్చటనే వేయించుకొనవలెను.

కొన్ని సందేహములు

"టీకావలననే జ్వరము వచ్చును" అని కొందఱందురు. సూదిమందులోనున్నది చంపబడిన వైరస్ భాగములు. అవి వ్యాధి కలిగింపజాలవు. చేయి నొప్పి, ఒకటి రెండు దినములు కొలది వెచ్చదనము కలుగవచ్చును. పూర్వము టీకావలన తీవ్రముగ వికటించినవారు మాత్రము వైద్యునితో ముందుగ చెప్పవలెను.

"వేయించుకొన్నను జ్వరము వచ్చినది, ఇక లాభమేమి?" అని మఱికొందఱు. ఇది ఉత్తరమీయదగిన ప్రశ్న. ఈ టీకా వజ్రకవచము గాదు. టీకాలోని తెగలును, ఊరిలో తిరుగు తెగలును చక్కగ సరిపోయిన సంవత్సరములలో నూటికి 40 మొదలు 60 వంతుల రక్షణమిచ్చును. సరిపోనియెడల అంతకు తగ్గును. వృద్ధులలో మఱికొంత తగ్గును. కాని టీకా వేయించుకొన్నవారికి జ్వరము వచ్చినను తీవ్రత తగ్గుట, ఆసుపత్రి పాలగుట తప్పుట తఱచు చూచుచున్నదే. సగము పంటనైనను కాపాడు గట్టును, పూర్తిగ కాపాడదని త్రెంచుకొను రైతు లేడు.

"కోవిడ్ టీకా వేయించుకొంటిమి గదా" యనువారు కలరు. అది వేఱు వ్యాధి; ఇది వేఱు వ్యాధి. ఒకదాని టీకా మఱియొకదానికి పనిచేయదు.

టీకాతో పని ముగియదు

2020-21 సంవత్సరములలో జనులు నోటికి గుడ్డలు కట్టుకొని, చేతులు కడుగుకొని, గుంపులు మానుకొనగా లోకమంతట ఇన్‌ఫ్లూయెంజా మున్నెన్నడును లేనంతగా తగ్గిపోయెను. ఆ దినముల కష్టములనెల్ల మఱువవచ్చును గాని ఈ పాఠమును మఱువరాదు. జ్వరము సోకినవాడు లక్షణములు కనబడుటకు ఒక దినము ముందునుండియు, పిమ్మట అయిదాఱు దినముల వఱకును ఇతరులకు దానిని అంటించును. కావున జ్వరముతోనున్న బిడ్డను బడికి పంపరాదు. తాత ప్రక్కలో పరుండబెట్టరాదు. దగ్గునప్పుడు మోచేతిని గాని గుడ్డను గాని అడ్డముంచుకొనవలెను. రోగియున్న గది కిటికీలు తెఱచియుంచవలెను. పెండ్లికి పోకున్న చుట్టములు నొచ్చుకొందురని దగ్గుచు పోయి, విందులో నూఱుగురికి అంటించి వచ్చుట మర్యాద గాదు.

చికిత్స విషయమున రెండు జాగ్రత్తలు. యాంటీబయాటిక్ మాత్రలు వైరస్‌పై పనిచేయవు. అడిగి మ్రింగుట వ్యర్థమే గాక అపకారము. పిల్లలకు ఈ జ్వరమున ఆస్పిరిన్ ఈయరాదు. ఒసెల్టామివిర్ అను మందు జ్వరము వచ్చిన 48 గంటలలోపల మొదలుపెట్టినప్పుడు విశేషముగ పనిచేయును. కావున వృద్ధులకును, గర్భిణులకును, దీర్ఘవ్యాధులు గలవారికిని జ్వరము వచ్చిననాడే వైద్యుని చూడవలెను. ఆయాసము, రొమ్ములో నొప్పి, పెదవులు నీలమగుట, మాటలు తడబడుట, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టుట, పసివాడు పాలు మానుట, డొక్కలెగురవేయుచు ఊపిరి తీయుట కనబడెనా, క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

పిలువక రాని రక్షణము

బిడ్డల టీకాలకై ప్రభుత్వోద్యోగులు మన వాకిటికి వచ్చుచున్నారు. పోలియో చుక్కలు ఇంటింటికి వచ్చినవి. 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో వైరస్ వలన ఆ వ్యాధి పుట్టలేదు. మశూచి 1975లో మన గడ్డనుండి వెడలిపోయెను. జాతి యంతయు ఏకమై పూనుకొనిన యేమి సాధింపగలదో ఈ రెండు విజయములు చాటుచున్నవి. కాని ఇన్‌ఫ్లూయెంజా టీకా ప్రభుత్వమువారి సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. దీనిని తెచ్చి వాకిట నిలుచువారు లేరు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. కావుననే మన దేశమున దీనిని వేయించుకొనువారు అత్యల్పులు. కావుననే ఇది గృహస్థుని స్వంత బాధ్యత యగుచున్నది.

దీనిధర వేయి రూపాయలకు అటునిటుగనో, అంతకు హెచ్చుగనో యుండును. కలవారికిది ఒక పూట విందు వ్యయము. లేనివారి మాటయేమి? జులై, ఆగస్టు మాసములలో నాట్లువేయు దినములును, ఈ జ్వరము హెచ్చు దినములును ఒక్కటే. కూలిస్త్రీలు ఒకే బండిలో క్రిక్కిరిసి వత్తురు. వానలో తడియుచు దినమంతయు వంగి పనిచేయుదురు. వారిలో గర్భిణులుందురు, చంకబిడ్డల తల్లులుందురు. జ్వరముతో మంచముపట్టిన దినమున వారికి కూలి లేదు. మన యింట అంట్లుతోమునామె, పాలేరు, కారు నడుపువాడు మన పిల్లల నెత్తుకొందురు. మన పెద్దలకు చేయూత నిత్తురు. వారిని విడిచి మన యింటిని మాత్రమే కాపాడుకొందుమనుట పొరుగింటి కప్పు మండుచుండగా మన కప్పుమీద మాత్రము నీరు చల్లుకొనుట వంటిది. కావున శక్తిగల గృహస్థు తన యింటివారితోబాటు తన్నాశ్రయించినవారికిని టీకా వేయించుట దానము గాదు, ధర్మము, వివేకమును.

ప్రభుత్వములవారికిని మా విన్నపమొకటి కలదు. అందఱికి నొకమాఱే ఈయజాలకున్నను, గర్భిణులకును, దీర్ఘవ్యాధులు గల పేదవృద్ధులకును ప్రాథమిక ఆరోగ్యకేంద్రములయందు మే మాసముననే ఈ టీకా ఉచితముగ లభింపజేయవలెను. పంచాయతులు, పురపాలక సంఘములు దండోరా వేయించి తెలుపవలెను. ప్రజలు గట్టిగ అడిగినగాని ఇట్టివి జరుగవు.

1918లో మన పూర్వులు శత్రువెవరో తెలియక, మందు లేక, దిక్కు లేక మరణించిరి. వారిని నిందింప నెవ్వరికిని నోరురాదు. నేడు శత్రువు తెలిసినది. వచ్చు కాలము తెలిసినది. ఆపుటకు సాధనము పట్టణములోని వైద్యుని కడ నున్నది. ఇన్ని యుండియు ఇంటిపెద్దను కోలుపోయినచో ఆ నింద విధిపై వేయుటకు వీలులేదు. విత్తనములు, ఎరువులు, పశువుల టీకాలు వ్రాసికొను పద్దుపుస్తకములో ఈ యేటినుండి తలిదండ్రుల పేరులు, గర్భవతియైన కోడలి పేరు, పసివాండ్ర పేరులు, పాలేరు పేరు గూడ వ్రాసికొని, వచ్చు మృగశిరకు ముందే ఆ పని నెఱవేర్తురుగాక యని గృహస్థులెల్లరను కోరుచున్నాము.